డేటింగ్ యాప్‌కు డబ్బు కట్టారా..? పాస్‌బుక్‌లో ఆ పేరు పడుతుందా? గుట్టు బయటపడే 6 దారులు ఇవే.. ఇలా జాగ్రత్త పడండి!

డేటింగ్ యాప్ అంటే హైదరాబాద్, బెంగళూరు వాళ్ల వ్యవహారం అనుకునే రోజులు పోయాయి. కడప జిల్లా వేములలో ఉన్నా, పక్కనే పులివెందులలో ఉన్నా, ప్రొద్దుటూరు, జమ్మలమడుగులో ఉన్నా.. చేతిలో స్మార్ట్‌ఫోన్, అందులో యూపీఐ ఉంటే చాలు. టిండర్, బంబుల్, హింజ్‌తో పాటు తెలుగువాళ్ల కోసమే ఐల్ సంస్థ తెచ్చిన ‘నీతో’ లాంటి యాప్‌లు కూడా వచ్చాయి. యాప్ వేసుకోవడం ఫ్రీనే. కానీ ఎవరు లైక్ చేశారో చూడాలన్నా, ప్రొఫైల్‌ను అందరికీ కనిపించకుండా దాచుకోవాలన్నా చాలా యాప్‌లలో సబ్‌స్క్రిప్షన్ కట్టాల్సిందే.

చిక్కు మొదలయ్యేది అక్కడే. పట్నంలో ఎవరి ఫోన్ వాళ్లది, ఎవరి ఖాతా వాళ్లది. పల్లెలో అలా కాదు. బ్యాంకు ఖాతాకు నాన్న ఫోన్ నంబర్ లింక్ అయి ఉంటుంది. పాస్‌బుక్ ఎంట్రీ వేయించడానికి తమ్ముడు వెళ్తాడు. ‘ఏందిరా ఇది, నెలనెలా దుడ్లు ఎవురికి పోతాండాయి?’ అని ఇంట్లో అడిగితే ఏం చెప్పాలి?

మేజర్ అయిన ఒక వ్యక్తి తనకు నచ్చిన తోడు కోసం వెతుక్కోవడం నేరం కాదు, తప్పు కూడా కాదు. కానీ ఆ సంగతి ఎప్పుడు, ఎవరికి చెప్పాలో నిర్ణయించుకునే హక్కు ఆ వ్యక్తికే ఉండాలి. ఒక ఎస్‌ఎంఎస్ ఆ నిర్ణయం తీసేసుకోకూడదు. ముఖ్యంగా ఆడపిల్లలకు, కులాంతర సంబంధంలో ఉన్నవాళ్లకు, ఎల్‌జీబీటీ వాళ్లకు ఇది పరువు గొడవతో ఆగేది కాదు, ప్రాణాల మీదకు కూడా రావచ్చు. అందుకే అసలు ఈ చెల్లింపు ఎక్కడెక్కడ కనిపిస్తుందో, ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో వివరంగా చూద్దాం.

గుట్టు బయటపడే 6 దారులు

1. బ్యాంకు ఎస్‌ఎంఎస్: డబ్బు కట్ అయిన వెంటనే ఖాతాకు లింక్ అయిన నంబర్‌కు మెసేజ్ వెళ్తుంది. ఆ నంబర్ మీది కాకపోతే అప్పుడే సంగతి తెలిసిపోయినట్టే. కువైట్‌కు వెళ్లినవాళ్ల ఖాతాలు, కాలేజీలో చేరినప్పుడు తెరిచిన ఖాతాలు చాలావరకు ఇంట్లో పెద్దవాళ్ల నంబర్లతోనే ఉంటాయి. ఫోన్ లాక్‌లో ఉన్నా స్క్రీన్ మీద మెసేజ్ కనిపించే సెట్టింగ్ ఉంటే, పక్కన కూర్చున్నవాళ్లు కూడా చదివేస్తారు.

2. పాస్‌బుక్, స్టేట్‌మెంట్: ఎస్‌ఎంఎస్ డిలీట్ చేయొచ్చు. పాస్‌బుక్‌లో పడిన ఎంట్రీని చెరపలేం. గ్రామీణ బ్యాంకు ఖాతా అయినా, పెద్ద బ్యాంకు ఖాతా అయినా యూపీఐ చెల్లింపులో డబ్బు అందుకున్నవారి పేరో, ఐడీనో కనిపిస్తుంది. ఇంకో సంగతి. హోమ్ లోన్‌కు, ఎడ్యుకేషన్ లోన్‌కు, వీసాకు 6 నెలల స్టేట్‌మెంట్ అడుగుతారు. అది ఏజెంట్, ఆడిటర్, బ్యాంకు ఆఫీసర్.. ఇలా ఎంతమంది చేతులు మారుతుందో ఆలోచించండి.

3. ఈమెయిల్ రశీదు: గూగుల్ ప్లేలో కొంటే రశీదు జీమెయిల్‌కు వస్తుంది. కొత్త ఫోన్ కొన్నప్పుడు షాపతనే జీమెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ కూడా తనే పెట్టి ఇచ్చాడా? అదే మెయిల్ ఇంట్లో రెండు మూడు ఫోన్లలో, టీవీలో కూడా ఉందా? అయితే రశీదు అందరికీ వెళ్లినట్టే.

4. యూపీఐ యాప్ హిస్టరీ: ‘ఒకసారి ఫోన్ ఇవ్వు, వంద కొట్టి ఇస్తా’ అని ఎవరైనా ఫోన్ తీసుకుంటే చాలు.. పేమెంట్ హిస్టరీలో అన్నీ వరుసగా కనిపిస్తాయి.

5. ఫ్యామిలీ గ్రూప్: గూగుల్ ప్లేలో ఫ్యామిలీ పేమెంట్ పద్ధతి వాడి కొంటే, ఆ గ్రూప్ మేనేజర్‌కు రశీదు వెళ్తుంది. ఐఫోన్‌లో ఫ్యామిలీ షేరింగ్ కింద కొనుగోళ్లు పంచుకుంటుంటే బిల్లు కట్టేది గ్రూప్ పెట్టిన వ్యక్తే. క్రెడిట్ కార్డులోనూ అంతే. నాన్న కార్డు మీద మీకు యాడ్-ఆన్ కార్డు ఇచ్చి ఉంటే, మీరు పెట్టిన ప్రతి ఖర్చూ ఆయన స్టేట్‌మెంట్‌లోకే వస్తుంది. 2024లో వచ్చిన ‘యూపీఐ సర్కిల్’లో కూడా అసలు ఖాతాదారుకు అవతలివాళ్ల చెల్లింపులు కనిపిస్తాయి.

6. యాప్ కంపెనీ నుంచే లీక్: దీనికి మీ చేతిలో పూర్తి మందు లేదు. అందుకే ఇది విడిగా చూడాల్సిన విషయం. కింద చెప్పుకుందాం.

స్టేట్‌మెంట్‌లో ఏ పేరు పడుతుంది?

చాలామంది అనుకునేది ఏంటంటే.. ‘గూగుల్ ప్లే ద్వారా కడితే గూగుల్ అని మాత్రమే పడుతుంది, యాప్ పేరు పడదు’ అని. ఇది సగమే నిజం. గూగుల్ ప్లే కొనుగోళ్లు స్టేట్‌మెంట్‌లో గూగుల్ పేరుతోనే మొదలవుతాయి. కానీ దాని పక్కన యాప్ పేరు గానీ, యాప్ తయారు చేసిన కంపెనీ పేరు గానీ రావచ్చు. ఐఫోన్‌లో యాప్ స్టోర్ ద్వారా కడితే సాధారణంగా ‘యాపిల్ డాట్ కామ్ బిల్’ అని వస్తుంది. యాప్ పేరు రాదు. ఇక యాప్ వాళ్ల వెబ్‌సైట్‌లో నేరుగా కార్డు పెట్టి కడితే కంపెనీ పేరు లేదా పేమెంట్ గేట్‌వే పేరు పడుతుంది.

ఒక ఊరట ఏంటంటే.. 2022 అక్టోబర్ 1 నుంచి ఆర్‌బీఐ టోకెనైజేషన్ నిబంధన అమల్లో ఉంది. దీని ప్రకారం వ్యాపార సంస్థలు మీ అసలు కార్డు నంబర్‌ను తమ దగ్గర దాచుకోకూడదు. దాని బదులు ఒక టోకెన్ మాత్రమే ఉంటుంది. అంటే యాప్ సర్వర్ హ్యాక్ అయినా మీ పూర్తి కార్డు నంబర్ దొరికే అవకాశం తక్కువ.

మరి ఎలా కట్టాలి? ఏ పద్ధతి ఎంత భద్రం?

సొంత నంబర్, సొంత ఖాతా: అన్నిటికన్నా గట్టి జాగ్రత్త ఇదే. ఇంట్లోవాళ్ల నంబర్ ఉన్న ఖాతా కాకుండా, మీ పేరు మీద, మీ నంబర్‌తో రెండో సేవింగ్స్ ఖాతా తెరవండి. అందులో నెలకు వెయ్యో, రెండు వేలో వేసుకుని ఇలాంటి ఖర్చులు అక్కడి నుంచే పెట్టండి. వీసాకు, లోన్‌కు మెయిన్ ఖాతా స్టేట్‌మెంట్ ఇచ్చినా అందులో ఈ ఎంట్రీలు ఉండవు. కాకపోతే ఆ ఖాతాలో డబ్బు వేసినట్టు మెయిన్ ఖాతాలో కనిపిస్తుంది, మీ పేరుకే కాబట్టి పెద్దగా ప్రశ్నలు రావు. ఖాతా తెరవడానికి మీ ఊరి బ్రాంచికే వెళ్లాలని కూడా లేదు. అక్కడ కౌంటర్‌లో ఉండేది మేనమామ కొడుకే కావచ్చు! వీడియో కేవైసీతో ఇంట్లో కూర్చునే తెరిచే బ్యాంకులు ఉన్నాయి.

రీచార్జ్ కోడ్, గిఫ్ట్ కార్డ్: గూగుల్ ప్లే రీచార్జ్ కోడ్ గానీ, యాపిల్ గిఫ్ట్ కార్డ్ గానీ కొని మీ అకౌంట్‌లో వేసుకుంటే, సబ్‌స్క్రిప్షన్ డబ్బు ఆ బ్యాలెన్స్‌లోంచి కట్ అవుతుంది. స్టేట్‌మెంట్‌లో మీరు కోడ్ కొన్న సంగతి మాత్రమే ఉంటుంది. కానీ రెండు విషయాలు మర్చిపోవద్దు. ఒకటి, గూగుల్ అకౌంట్‌లో బ్యాకప్‌గా కార్డు లేదా యూపీఐ పెట్టి ఉంటే, బ్యాలెన్స్ అయిపోయాక డబ్బు అక్కడి నుంచి కట్ అవుతుంది. రెండు, ‘సగం ధరకే కోడ్’ అని టెలిగ్రామ్‌లో అమ్మేవాళ్ల జోలికి అస్సలు వెళ్లొద్దు. ఒకసారి డబ్బు పోయాక ఎవరిని అడుగుతారు?

ప్రీపెయిడ్ వాలెట్: తక్కువ కేవైసీతో ఇచ్చే చిన్న వాలెట్‌లో 10,000 రూపాయలకు మించి బ్యాలెన్స్ ఉంచకూడదని ఆర్‌బీఐ పరిమితి. నెలవారీ సబ్‌స్క్రిప్షన్‌కు అది సరిపోతుంది. వాలెట్‌లో డబ్బు వేసినట్టే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది, ఆ తర్వాత ఎవరికి కట్టారన్నది వాలెట్ హిస్టరీలో ఉంటుంది.

యాప్‌లో ‘హైడ్’ చేయడం: పేటీఎం లాంటి యాప్‌లో కొన్ని పేమెంట్లను హిస్టరీలో కనిపించకుండా దాచే వీలుంది. కానీ అది యాప్ వరకే. బ్యాంకు పాస్‌బుక్‌లో ఎంట్రీ అలాగే ఉంటుంది. హైడ్ చేశాం కదా అని ధీమా పడొద్దు.

ఎస్‌ఎంఎస్ అలర్ట్ ఆపేయొచ్చా? వద్దు. అలర్ట్ ఆపేస్తే గుట్టు దాగుతుందేమో గానీ, మోసగాడు ఖాతా ఖాళీ చేసినా మీకు తెలీదు. ఆర్‌బీఐ 2017 జులైలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడో వ్యక్తి వల్ల మోసం జరిగితే, అలర్ట్ అందిన 3 పని దినాల్లోపు బ్యాంకుకు చెప్పినవాళ్లకే పూర్తి రక్షణ. అలర్ట్ రాకపోతే చెప్పేదెప్పుడు? కాబట్టి అలర్ట్ ఉంచండి. లింక్ అయిన నంబర్‌ను మీ నంబర్‌గా మార్చుకోండి. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ లోపలి విషయం కనిపించకుండా సెట్టింగ్ పెట్టుకోండి. సరిపోతుంది.

ఆటోపే.. అసలు ఉచ్చు ఇదే!

యాప్ డిలీట్ చేశాం, ఇక అయిపోయింది అనుకుంటారు చాలామంది. కాదు! యాప్ తీసేసినా సబ్‌స్క్రిప్షన్ ఆగదు. పెళ్లి కుదిరి, యాప్ తీసేసి, అన్నీ మర్చిపోయాక కూడా నెలనెలా డబ్బు కట్ అవుతూనే ఉంటుంది. చాలా ఇళ్లలో సంగతి బయటపడటానికి ఇలాంటి ఒక్క ఎంట్రీ చాలు.

దీనికి కారణం ఈ-మ్యాండేట్ విధానం. 2021 అక్టోబర్ 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన ఆర్‌బీఐ నిబంధన ప్రకారం, మొదటిసారి మీరు ఓటీపీతోనో, పిన్‌తోనో ఒప్పుకోవాలి. ఆ తర్వాత ప్రతిసారీ ఓటీపీ అడగకుండానే డబ్బు కట్ అవుతుంది. ఈ పరిమితి అప్పట్లో 5,000 రూపాయలు ఉండేది. 2022 జూన్‌లో దాన్ని 15,000కు పెంచారు. డేటింగ్ యాప్‌ల ప్లాన్లు సాధారణంగా ఈ పరిమితిలోపే ఉంటాయి. అంటే మళ్లీ ఓటీపీ అడగరు.

అయితే ఇదే నిబంధనలో మీకు పనికొచ్చే విషయం ఒకటుంది. డబ్బు కట్ అవడానికి కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం ఇవ్వాలి. ఆ మెసేజ్ వచ్చినప్పుడే మేల్కొంటే డబ్బూ మిగులుతుంది, ఎంట్రీ కూడా పడదు. కానీ గుర్తుంచుకోండి.. ఆ ముందస్తు మెసేజ్ కూడా ఖాతాకు లింక్ అయిన నంబర్‌కే వెళ్లొచ్చు!

ఎలా ఆపాలి?

- ఆండ్రాయిడ్‌లో: ప్లే స్టోర్ తెరిచి, పైన మీ ఫొటో మీద నొక్కండి. పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి, సబ్‌స్క్రిప్షన్స్‌లో ఆ యాప్‌ను ఎంచుకుని క్యాన్సిల్ చేయండి.
- ఐఫోన్‌లో: సెట్టింగ్స్‌లో పైన మీ పేరు మీద నొక్కి, సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి క్యాన్సిల్ చేయండి. రెన్యువల్‌కు కనీసం ఒక రోజు ముందే ఈ పని చేయాలి.
- యూపీఐతో కట్టి ఉంటే: మీ యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మ్యాండేట్స్ అనే చోట లిస్ట్ ఉంటుంది. అక్కడ రద్దు చేయండి.
- ఇంకో చిట్కా: ఎక్కువమందికి ఒక నెల చాలు. కొన్న రోజే క్యాన్సిల్ నొక్కేయండి. స్టోర్ ద్వారా కొన్న ప్లాన్ సాధారణంగా కట్టిన గడువు పూర్తయ్యేదాకా పని చేస్తుంది, ఆ తర్వాత రెన్యూ అవదు.

సబ్‌స్క్రిప్షన్ ఆపాక, యాప్‌లో అకౌంట్‌ను కూడా డిలీట్ చేయండి. ఆ తర్వాతే ఫోన్‌లోంచి యాప్ తీసేయండి. వరుస మారితే ఇబ్బంది.

మ్యాచ్ అయినవాళ్లకు యూపీఐ చేస్తున్నారా? మీ చిరునామా ఇచ్చినట్టే

కంపెనీకి కట్టే డబ్బు గురించే చాలామంది కంగారు పడతారు. నిజానికి అంతకన్నా పెద్ద ముప్పు అవతలి వ్యక్తికి నేరుగా డబ్బు పంపడం. యాప్‌లో మీరు ముద్దుపేరు పెట్టుకున్నా, యూపీఐ చేసిన మరుక్షణం బ్యాంకులో ఉన్న మీ పూర్తి పేరు అవతలివాళ్లకు తెలుస్తుంది. మీ యూపీఐ ఐడీలో ఫోన్ నంబరే ఉంటే అదీ వెళ్తుంది. ఫోన్ నంబర్ దొరికితే వాట్సాప్ ఫొటో, ఫేస్‌బుక్, ఊరు, బంధువులు.. ఇలా ఒక్కొక్కటీ లాగేయొచ్చు. ఇంటిపేరు, ఊరు తెలిస్తే మన దగ్గర మనిషిని పట్టుకోవడం ఎంతసేపు?

2024లో హైదరాబాద్ హైటెక్ సిటీలోని ఒక పబ్ కేంద్రంగా జరిగిన మోసం గుర్తుందా? డేటింగ్ యాప్‌లో పరిచయమైన అమ్మాయిలు అబ్బాయిలను అక్కడికి పిలిపించి, ఖరీదైన మందు ఆర్డర్ చేసి, వేలల్లో బిల్లు చేతికిచ్చి జారుకునేవాళ్లు. పోలీసులు ఆ ముఠాను అరెస్ట్ చేశారు. ఇలాంటి మోసాలకు బలం ఎక్కడుందంటే.. మోసపోయినవాళ్లు ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని నోరు మెదపరు. గుట్టు మీద భయమే మోసగాడికి పెట్టుబడి.

అందుకే.. ముఖం చూడని మనిషికి రూపాయి కూడా పంపొద్దు. తప్పనిసరిగా ఎవరికైనా కట్టాల్సి వస్తే ఫోన్ నంబర్ లేని యూపీఐ ఐడీ పెట్టుకోండి. చాలా యూపీఐ యాప్‌లలో ఇంకో ఐడీ క్రియేట్ చేసుకునే వీలుంది.

కంపెనీ నుంచే లీక్ అయితే?

2015 జులైలో ఆష్లీ మ్యాడిసన్ అనే కెనడా డేటింగ్ సైట్ హ్యాక్ అయింది. 3 కోట్లకు పైగా అకౌంట్ల వివరాలు ఆగస్టులో ఇంటర్నెట్‌లో పడ్డాయి. ఏళ్ల తరబడి జరిగిన కార్డు చెల్లింపుల రికార్డులు, కట్టినవాళ్ల పేర్లు, బిల్లింగ్ అడ్రస్‌లు కూడా అందులో ఉన్నాయి. ఇంకో దారుణం ఏంటంటే.. అకౌంట్‌ను పూర్తిగా చెరిపేస్తామని 19 డాలర్లు తీసుకున్నవాళ్ల సమాచారాన్ని కూడా కంపెనీ కొంతకాలం దాచుకుంది. ఆ వివరాలతో బ్లాక్‌మెయిల్ ఈమెయిళ్లు ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాయి.

2025 జులైలో ‘టీ’ అనే అమెరికన్ యాప్ నుంచి దాదాపు 72,000 ఫొటోలు లీక్ అయ్యాయి. వాటిలో 13,000 దాకా గుర్తింపు కోసం ఇచ్చిన సెల్ఫీలు, ఐడీ కార్డులే. మొజిల్లా సంస్థ 2024లో 25 డేటింగ్ యాప్‌లను పరిశీలిస్తే, 22 యాప్‌లకు ప్రైవసీ విషయంలో హెచ్చరిక ముద్ర వేసింది.

అంటే మీరు ఎంత జాగ్రత్తగా కట్టినా, కంపెనీ జాగ్రత్తగా లేకపోతే లాభం లేదు. కాబట్టి ఇవ్వాల్సినంతే ఇవ్వండి. డేటింగ్‌కు వేరే ఈమెయిల్ వాడండి. ఫేస్‌బుక్‌తో లాగిన్ అవ్వొద్దు. కాంటాక్ట్స్ బ్లాక్ చేసే సదుపాయం టిండర్‌లో ఉంది, అది వాడితే ఆ నంబర్లతో అకౌంట్ ఉన్నవాళ్లకు మీరు కనిపించరు. ‘ఇన్‌కాగ్నిటో’ అనేది మీరు లైక్ చేసినవాళ్లకు మాత్రమే కనిపించే పద్ధతి, డబ్బు కట్టినవాళ్లకు దొరుకుతుంది. చిన్న ఊళ్లలో దూరం చూపించడం కూడా ప్రమాదమే. వేముల లాంటి చోట ‘2 కిలోమీటర్ల దూరంలో’ అని కనిపిస్తే, ఆ రెండు కిలోమీటర్లలో ఉండేవాళ్లు ఎవరో అందరికీ తెలుసు!

‘ప్రీమియం ఫ్రీ’ అని దొరికే మోడ్ ఏపీకే ఫైళ్లు వేసుకోవద్దు. నాలుగు వందలు మిగులుతాయని చూసుకుంటే, అందులో దూరిన మాల్‌వేర్ ఓటీపీలు చదివి ఖాతా మొత్తం ఊడ్చేయొచ్చు.

ఇవి మాత్రం చేయకండి

గుట్టు కోసం అనుమతి లేకుండా వేరేవాళ్ల కార్డు వాడటం, వేరేవాళ్ల ఆధార్‌తో సిమ్ తీసుకోవడం, అద్దె ఖాతా వాడటం.. ఇవి నేరాలు. ప్రైవసీ వేరు, దొంగ పేరు వేరు.

అలాగే పెళ్లయినవాళ్లు ఒక మాట ఆలోచించుకోవాలి. ఒంటరిగా ఉన్న వ్యక్తి తన సంగతి తన దగ్గర ఉంచుకోవడం ప్రైవసీ. భార్యకో, భర్తకో తెలియకుండా ఉమ్మడి డబ్బుతో చేసేది ఆ లెక్కలోకి రాదు. వ్యభిచారం నేరం కాదని 2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు చెప్పింది నిజమే. కానీ విడాకులకు అది ఇప్పటికీ కారణమే. కేసు కోర్టుకెక్కితే బ్యాంకు స్టేట్‌మెంట్ తెప్పించమని జడ్జి ఆదేశించవచ్చు. అప్పుడు ఏ గిఫ్ట్ కార్డూ కాపాడదు.

చట్టం మీ వైపు ఎంత ఉంది?

ప్రైవసీ ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం తీర్పిచ్చింది. 2018 మార్చి 27న శక్తి వాహిని కేసులో, ఇద్దరు మేజర్లు ఒకరినొకరు ఎంచుకుంటే కుటుంబం, కులపెద్దల అనుమతి అక్కర్లేదని స్పష్టం చేసింది. అదే ఏడాది సెప్టెంబర్ 6న స్వలింగ సంబంధాలు నేరం కాదని తేల్చింది. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో నిబంధనలు వచ్చాయి. ఇవి దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. వీటి ప్రకారం మీ సమాచారం చెరిపేయమని కంపెనీని అడగొచ్చు. డేటా లీక్ అయితే కంపెనీ మీకు చెప్పాల్సి ఉంటుంది.

ఎవరైనా బెదిరిస్తే ఏం చేయాలి?

‘నువ్వు డేటింగ్ యాప్‌లో ఉన్నావని మీ నాన్నకు చెప్తా, స్క్రీన్‌షాట్ ఊరంతా పంపిస్తా, డబ్బు పంపు’ అని ఎవరైనా అంటే..

- డబ్బు పంపొద్దు. ఒకసారి పంపితే రెండోసారి అడగడం ఖాయం.
- చాట్ డిలీట్ చేయొద్దు. స్క్రీన్‌షాట్లు తీయండి. నంబర్, యూపీఐ ఐడీ, సమయం అన్నీ దాచండి. ఆ తర్వాత బ్లాక్ చేయండి.
- డబ్బు ఇప్పటికే పంపి ఉంటే వెంటనే 1930కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా ఫిర్యాదు చేయొచ్చు.
- మహిళలపై జరిగే నేరాల్లో కొన్నింటికి పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలు ఆ పోర్టల్‌లో ఉంది. అత్యవసరమైతే 112, మహిళలకు 181.
- మీ ఊరి స్టేషన్‌కు వెళ్లడానికి మొహమాటమా? ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు. పులివెందులలో ఉన్నవాళ్లు కడపలో ఇచ్చినా తీసుకోవాలి.
- బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం. ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. డేటింగ్ యాప్ వాడటం నేరం కాదు. స్టేషన్‌లో తలదించుకోవాల్సింది మీరు కాదు, బెదిరించినవాడు.

వీలైతే ఇంట్లోనో, బయటో నమ్మకమైన ఒక్కరికైనా ముందే చెప్పి ఉంచండి. అక్కో, స్నేహితుడో ఎవరైనా సరే. విషయం ఒక్కరికైనా తెలిసి ఉంటే బ్లాక్‌మెయిలర్ బలం సగం తగ్గిపోతుంది.

ఇవాళే చేయాల్సినవి ఇవీ..

బ్యాంకు ఖాతాకు ఎవరి నంబర్ లింక్ అయిందో చూసుకోండి. జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, ఏయే ఫోన్లలో లాగిన్ అయి ఉందో చెక్ చేయండి. యూపీఐ యాప్‌లో ఆటోపే లిస్ట్ తెరిచి, అక్కర్లేనివి రద్దు చేయండి. లాక్ స్క్రీన్ మీద మెసేజ్‌లు కనిపించకుండా పెట్టండి. ఈ నాలుగు పనులకు పది నిమిషాలు పట్టదు. నంబర్ మార్చాల్సి వస్తే మాత్రం ఒకసారి బ్యాంకుకో, ఏటీఎంకో వెళ్లాల్సి రావచ్చు. డేటింగ్ యాప్ వాడని వాళ్లకు కూడా ఇవి పనికొచ్చేవే!